పెరటి కోళ్ల గుడ్లలో తేడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో నాలుగు పెట్టలున్న ఏ ఇంట్లోనైనా ఏదో ఒక రోజు వింత గుడ్డు ఒకటి కనబడుతుంది. పెంకు లేని తోలుగుడ్డో, నెత్తుటి చుక్కో, పాలిపోయిన సొనో. చూడగానే "ఏం మందు వేయాలి?" అని ఫోన్ చేస్తారు. పది సార్లలో ఎనిమిది సార్లు మందుతో పని ఉండదు, మేతో నీళ్లో ఎండో కారణం అవుతుంది. ఒక్క లెక్క గుర్తుంచుకుంటే కారణం పట్టుకోవడం సులువు. పచ్చసొన ఎదగడానికి పది రోజుల దాకా పడుతుంది. దాని చుట్టూ తెల్లసొన చేరడానికి మూడు గంటలు, పెంకు కట్టడానికి ఇరవై గంటలు. అంటే సొనలో తేడా వస్తే పోయిన పది రోజుల మేత గుర్తు చేసుకోవాలి. పెంకులో తేడా వస్తే నిన్న పగలు, రాత్రి ఏం జరిగిందో ఆరా తీయాలి.

పల్లెల్లో నాటుకోళ్లు వదిలి పెంచేవాళ్లూ, పట్నంలో మిద్దె మీద నాలుగైదు పెట్టలు పెట్టుకున్నవాళ్లూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలే ఇవి. మీకు కావలసినదాని దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొత్తగా పెట్టే రోజుల్లో

మొదటి గుడ్లు మరీ చిన్నగా ఉన్నాయి. ఇలాగే ఉండిపోతాయా?

ఉండవు. నాటుపెట్ట ఆరేడు నెలలకు పెట్టడం మొదలుపెడుతుంది, వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు కాస్త ముందే. తొలి వారాల గుడ్లు ఏ రకానివైనా చిన్నవే. నెలా రెండు నెలల్లో వాటి అసలు సైజుకు వస్తాయి. నాటుగుడ్డు 40 గ్రాముల చుట్టుపక్కలే ఆగిపోతుంది, అది దాని జాతి లక్షణం. షాపులో దొరికే 55 గ్రాముల గుడ్డు పక్కన పెట్టి "మా కోడికి బలం చాలట్లేదు" అనుకోవద్దు.

పగలగొడితే లోపల పచ్చసొనే లేదు. దిష్టి తగిలిందంటున్నారు.

దిష్టి కాదు. గుడ్డు తయారయ్యే గొట్టంలోకి సొనకు బదులు చిన్న కండపొరో, నెత్తుటి గడ్డో జారితే, శరీరం దాన్నే సొన అనుకుని చుట్టూ తెల్లసొన పోసి పెంకు కట్టేస్తుంది. గోలీ అంత గుడ్డు బయటికొస్తుంది. కొత్త పెట్టల్లో ఇది మామూలే. ఒకటి రెండుసార్లు వచ్చి ఆగిపోతుంది.

రెండు సొనల గుడ్డు పొదగేస్తే రెండు పిల్లలు వస్తాయా?

దాదాపు రావు. రెండు పిండాలకు సరిపడా చోటు, గాలి ఆ పెంకులో ఉండవు. మధ్యలోనే చచ్చిపోతాయి. కొత్త పెట్టల్లో ఒకేసారి రెండు సొనలు విడుదల కావడం వల్ల ఇలాంటి గుడ్లు వస్తాయి. అట్టు పోసుకోండి, పొదుగు గంపలో పెట్టకండి.

పెంకు మీద నెత్తుటి చారలున్నాయి. లోపల ఏమైనా దెబ్బ తగిలిందా?

కొత్త పెట్టకు గుడ్డు వచ్చే దారి ఇంకా సాగదు. చిన్న నరం చిట్లి పెంకుకు నెత్తురు అంటుతుంది. వారం పది రోజుల్లో తగ్గుతుంది. చాన్నాళ్లుగా పెడుతున్న కోడిలో ఇది కనిపిస్తే మాత్రం తోక ఎత్తి చూడండి. మిగతా కోళ్లు అక్కడ పొడిచి ఉండొచ్చు. పొడిచిన గాయం కనబడితే ఆ కోడిని ఆ రోజే విడిగా గంప కింద పెట్టాలి. ఎర్రటి పుండు కంటబడితే మిగతావి వదలవు.

## పెంకులో తేడాలు

తోలుగుడ్డు పెడుతోంది. సున్నం తినిపించాలా?

ఒక్క తోలుగుడ్డుకు ఏమీ చేయనక్కర్లేదు. రాత్రి కుక్క తరిమినా, పిల్లి గూటి మీదికి దూకినా పెంకు కట్టకముందే గుడ్డు జారిపోతుంది. వారంలో రెండు మూడు వచ్చాయంటే కాల్షియం సంగతి చూడాలి.

పెంకులో 95 శాతం దాకా కాల్షియం కార్బొనేటే. ఒక్కో గుడ్డుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది. నూకలు, తవుడు, జొన్నల్లో అది లేనట్టే లెక్క. అందుకే గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉండేలా కలుపుతారు. మేతలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లకు కాళ్లు నిలవక కూలబడుతుంది.

దాణా కొట్లో దొరికే షెల్ గ్రిట్, అంటే నలగ్గొట్టిన ఆల్చిప్పలు, ఒక చిప్పలో పోసి విడిగా పెట్టండి. మేతలో కలపొద్దు. కావలసిన కోడి కావలసినంత తింటుంది, పుంజు దాని జోలికి పెద్దగా పోదు. పలుకులు శెనగబద్దంత ఉంటే మంచిది. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రిపూట, ఆ వేళకి మేత ఉండదు. పెద్ద పలుకులు కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా కరుగుతాయి. మెత్తటి పొడి అయితే సాయంత్రానికే దాటిపోతుంది. కాబట్టి గ్రిట్ చిప్ప సాయంత్రం ఖాళీగా ఉండకూడదు.

వాడేసిన గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి. కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేడిచేసి, గుడ్డు ఆకారం ఆనవాలు లేకుండా నలగ్గొట్టండి. ఆకారం ఉంటే సొంత గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుంది, ఆ అలవాటు మాన్పించడం కష్టం. తాంబూలం సున్నం మాత్రం పెట్టొద్దు. నోరు, గొంతు కాలుతాయి.

చీకటి గదిలో బంధించి పెంచే కోళ్లకు గ్రిట్ పెట్టినా ఫలితం రాకపోవచ్చు. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి ఎండ తగలాలి.

మిగిలిన బ్రాయిలర్ దాణా వేస్తున్నాం. గోధుమరంగు పెంకు తెల్లబడింది.

ఆపేయండి. బ్రాయిలర్ దాణాలో కాల్షియం ఒక శాతం అటూ ఇటూ, గుడ్లు పెట్టే కోడికి అది మూలకు కూడా రాదు. పైగా రక్తపారుడు రాకుండా కొన్ని దాణాల్లో నికార్బజిన్ అనే మందు కలుపుతారు. మాంసపు కోడికి ఫరవాలేదు కానీ, గుడ్ల కోడి తింటే గోధుమరంగు పెంకు వెలిసిపోతుంది, పచ్చసొన మీద మచ్చలు పడతాయి. దాణా మార్చాక పెంకు రంగు కొద్ది రోజుల్లోనే తిరిగొస్తుంది, సొన మచ్చలు పోవడానికి మరికొన్ని రోజులు పడుతుంది. బస్తాకు కుట్టిన చీటీ చదివే అలవాటు ఉంటే ఈ తంటా ఉండదు.

పెంకు మీద సున్నం చల్లినట్టు గరుకుగా ఉంది. ఇంకోటి ఒక వైపు చదునుగా వచ్చింది.

రెండూ గుడ్డు సమయానికి బయటికి రాలేదని చెబుతున్నాయి. బెదిరిన కోడి గుడ్డును లోపలే ఆపుకుంటుంది. ఆ అదనపు గంటల్లో పెంకు మీద ఇంకో పూత పడుతుంది. వెనకాల వస్తున్న మరో గుడ్డు దానికి ఆనుకుంటే ఒక వైపు చదునవుతుంది. దీపావళి మర్నాడు, ఇంట్లో పెళ్లి డప్పులు మోగాక, కొత్త కోడిని గూట్లో వదిలాక ఇలాంటివి చూస్తాం. పెట్టెలు చాలక వరుసలో నిలబడే కోళ్లలోనూ ఇంతే. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె చొప్పున, గడ్డి పరిచి, కాస్త చీకటిగా ఉండే మూలలో పెట్టండి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. దానికీ పెంకుకూ సంబంధం ఉందా?

ఉంది. ఉప్పు నీళ్లు తాగే పెట్టలకు పెంకు పల్చబడుతుంది. మేతలో కాల్షియం ఎంత ఉన్నా లోపం పూర్తిగా సర్దుకోదు. మీరు తాగే నీళ్లే వాటికీ పోసి పదిహేను రోజులు చూడండి. నాలుగైదు కోళ్లకు మామూలుగా రోజుకు రెండు లీటర్లు దాటదు.

గోధుమరంగు గుడ్డైతే నాటుగుడ్డేనా? కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉండాలంటున్నారు.

రెండూ తప్పే. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. ఫారాల్లో పెంచే బీవీ-380 లాంటి కోళ్లు కూడా చక్కటి గోధుమరంగు గుడ్లు పెడతాయి. కడక్‌నాథ్ మాంసం, చర్మం, ఎముకలు నలుపే కానీ గుడ్డు లేత గోధుమ, మీగడ రంగుల మధ్య ఉంటుంది. నల్ల గుడ్డని చెప్పి అమ్మజూపితే వచ్చిన దారినే వెళ్లండి. తెల్లగుడ్లకు రంగు పూసి నాటుగుడ్లని అమ్మేవాళ్లూ ఉన్నారు. తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. అసలు గోధుమరంగు కూడా పెంకు పైపొరల్లోనే ఉంటుంది కానీ, తడి గుడ్డకు మరకలా అంటుకోదు.

## పగలగొట్టి చూశాక

పచ్చసొన పాలిపోయింది. పోషకాలు తగ్గినట్టేనా?

సొన రంగును బట్టి మాంసకృత్తులు, కొవ్వు లెక్క చెప్పలేం. సొన పచ్చదనం ఆకుకూరల్లో, పసుపు మొక్కజొన్నలో ఉండే రంగు పదార్థాల నుంచి వస్తుంది. నూకలు, తవుడు తిని బతికే కోడి సొన లేతగా ఉండక తప్పదు. మునగాకు, తోటకూర, నీళ్ల మీద పెరిగే అజొల్లా, ఏది దొరికితే అది గుప్పెడు కోసి పెట్టండి. కట్టగా కట్టి కోడి తల ఎత్తుకు వేలాడదీస్తే తొక్కి పాడుచేయవు. వారం పది రోజుల్లో రంగు తిరుగుతుంది. మేత మారకుండా అన్ని కోళ్ల సొనలూ ఒక్కసారిగా పాలిపోయి, కోళ్లు బరువు కూడా తగ్గుతుంటే కడుపులో నులిపురుగులున్నాయేమో రెట్ట పరీక్ష చేయించండి.

సొన బురద పచ్చగా, తెల్లసొన లేత గులాబీగా ఉంది. గుడ్డు తాజాదే.

ఇంట్లోనో పక్కింట్లోనో పత్తి నిల్వ చేశారా? మొదట అడగాల్సింది ఇదే. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా పత్తి పండే ఊళ్లలో ఏరిన పత్తి వసారాలోనే పోస్తారు. రాలిన గింజలు కోళ్లు ఏరుకు తింటాయి. బర్రెలకు నానబెట్టిన పత్తి చెక్క తొట్టిలోనూ తల పెడతాయి. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది, అది సొనలోని ఇనుముతో కలిసి గోధుమ, బురద పచ్చ రంగులు తెస్తుంది. అదే గింజ నూనెలోని మరో రకం కొవ్వు ఆమ్లాల వల్ల సొనకూ తెల్లసొనకూ మధ్య పొర పట్టు తప్పుతుంది. ఇనుము తెల్లసొనలోకి జారి గులాబీ ఛాయ వస్తుంది. పెట్టిన రోజు మామూలుగా కనబడి, నాలుగు రోజులు దాచాక రంగు బయటపడటం దీని ప్రత్యేకత. అందుకే కొన్నవాళ్లు "పాత గుడ్లు అంటగట్టారు" అని పోట్లాడతారు. పత్తి ఉన్నన్నాళ్లు కోళ్లను అటు పోనివ్వకండి. గుడ్లు మామూలవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. గులాబీ రంగుతో పాటు వాసన కూడా ఉంటే అది కుళ్లు, పారేయాల్సిందే.

నెత్తుటి చుక్క ఉందంటే పిల్ల పడినట్టా?

కాదు. సొన విడుదలయ్యేటప్పుడు అండాశయంలో చిన్న రక్తనాళం చిట్లితే ఆ చుక్క సొనకు అంటుకు వస్తుంది. పుంజు లేని ఇంట్లో కోడి గుడ్డులోనూ ఉంటుంది. గోధుమరంగు గుడ్లలో కాస్త ఎక్కువ. చెంచా కొసతో తీసేసి వండుకోవచ్చు. మనసొప్పకపోతే అది మీ ఇష్టం, ఆరోగ్యానికి మాత్రం ఇబ్బంది లేదు. షాపు గుడ్లలో ఇవి అరుదుగా కనబడటానికి కారణం వాటిని దీపం ముందు పెట్టి ఏరేయడమే.

తెల్లసొన నీళ్లలా పరుచుకుంటోంది.

గుడ్డు ఎప్పటిదో ముందు తేల్చుకోండి. వేసవిలో బయట పెట్టిన గుడ్డు తెల్లసొన మూడు నాలుగు రోజుల్లోనే పల్చబడుతుంది. ఆ రోజు పెట్టిన గుడ్డే అలా ఉంటే కోడి వయసు కారణం కావొచ్చు. వయసు కాకుండా, అంతకు ముందు వారాల్లో కోళ్లు తుమ్మి, గురగురలాడి ఉంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ గుడ్డు గొట్టాన్ని దెబ్బతీసి ఉంటుంది. అలా దెబ్బతిన్న కోడి మళ్లీ మంచి గుడ్లు పెట్టకపోవచ్చు.

తెల్లసొన మబ్బుగా ఉంది. చెడిందా?

చాలా తాజాది. లోపలి కార్బన్ డయాక్సైడ్ ఇంకా బయటికి పోలేదు.

గుడ్డు నీచు వాసన వేస్తోంది.

తీరం ఊళ్లలో చేపల పొట్టు, రొయ్యల తలలు కోళ్లకు వేయడం మామూలు. మంచి మాంసకృత్తులే, కానీ రోజూ ఎక్కువ పడితే ఆ నీచు సొనలోకి వస్తుంది. ఆవచెక్క తిన్న కొన్ని గోధుమరంగు గుడ్ల జాతుల్లోనూ ఇదే వాసన, వాటికి ఆ వాసన పదార్థాన్ని విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. మేతలో ఏ తప్పూ లేకపోతే గుడ్లు ఎక్కడ దాస్తున్నారో చూడండి. పెంకుకు వేల సన్నటి రంధ్రాలుంటాయి. ఎండు చేపల డబ్బా పక్కనో, కిరోసిన్, ఫినాయిలు దగ్గరో పెడితే ఆ వాసన పీల్చుకుంటుంది.

తెల్లసొనలో తెల్లటి పురుగు! నమ్మలేకపోతున్నాం.

అరుదే కానీ జరుగుతుంది. పేగులో ఉండే ఏలికపాము దారి తప్పి గుడ్డు గొట్టంలోకి ఎక్కుతుంది. మనిషికి అంటుకునే రకం కాదు, కానీ ఆ గుడ్డు పారేయండి. మొత్తం మందకు నులిపురుగుల మందు పడాల్సిన సమయమైందని అర్థం.

## ఎండ, వాన, చలి

మే నెల వస్తే చాలు, పెంకులు పల్చబడుతున్నాయి. గ్రిట్ పెట్టినా అంతే.

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అలా రొప్పడంలో ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేటుకు అదే మూలం. మేత కూడా సగం మానేస్తుంది. కాబట్టి ఇక్కడ కాల్షియం పెంచడం కన్నా వేడి తగ్గించడం ముఖ్యం.

రేకుల షెడ్డు అయితే పైన తాటాకో వరిగడ్డో కప్పండి. కుండలో నీళ్లు చెట్టు కింద పెట్టి మధ్యాహ్నం ఒకసారి మార్చండి, ఎండలో కాగిన నీళ్లు కోడి ముట్టదు. గుడ్డు లోపలి సరుకులో మూడొంతులు నీళ్లే మరి. మేత తెల్లారకముందే ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి వేయండి. మిట్టమధ్యాహ్నం మేత వేసి "తినట్లేదు" అనుకోవద్దు, తింటే ఒళ్లు ఇంకా వేడెక్కుతుందని దానికి తెలుసు. తడి గోనెలు వేలాడదీస్తే గాలి ఆడే వైపే కట్టండి. గాలి ఆడని చోట తడి గోనె ఉక్క పెంచుతుంది.

వేసవిలో రెండు రోజుల గుడ్డు పగలగొడితే ఎర్రటి నరాల్లా కనిపించాయి.

మందలో పుంజు ఉంది కదా? అది పిల్ల ఎదుగుదలే. పొదగకపోయినా, దాదాపు 27 డిగ్రీలు దాటిన చోట పిండం నెమ్మదిగా కదులుతుంది. మన వేసవిలో ఇంటి లోపల రాత్రి కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. పొదుగుకొచ్చిన పెట్ట మిగతావాటి గుడ్ల మీద ఒక పూట కూర్చున్నా చాలు. రోజుకు రెండుసార్లు గుడ్లు ఏరి ఫ్రిజ్‌లో పెడితే ఇది కనిపించదు. తినడానికే గుడ్లు కావాలంటే పుంజును వేరు చేయండి. వేరు చేసిన రెండు మూడు వారాల దాకా గుడ్లలో జీవం ఉంటుంది.

వానాకాలంలో గుడ్లు తగ్గి, సైజు కూడా తగ్గింది.

మేత బస్తాలో చేయి పెట్టి చూడండి. వెచ్చగా, ముద్దలుగా, ముక్క వాసన వస్తుంటే బూజు పట్టింది. మొక్కజొన్న, వేరుశనగ చెక్క మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లు తగ్గేదీ అందుకే. ఎండబెట్టినా విషం పోదు. "మనుషులకు పనికిరాదు, కోళ్లకు వేద్దాం" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

చలికాలం ఈకలు రాలి గుడ్లు మానేసింది.

కోడి ఏటా ఒకసారి ఈకలు మార్చుకుంటుంది. ఈకంతా మాంసకృత్తే కాబట్టి ఆ రెండు నెలలు గుడ్డుకు మిగలదు. డిసెంబరులో హైదరాబాద్ పగలు 11 గంటలకు కుదించుకుపోవడం కూడా కారణం. ఫారాల్లో దీపాలు పెట్టి 16 గంటల వెలుతురు ఇస్తారు. నాటుకోడికి ఆ కరెంటు బిల్లు దండగ. ఈకలు పూర్తయ్యాక వచ్చే గుడ్ల పెంకు ముందుకన్నా గట్టిగా ఉంటుంది.

## ముదురు కోళ్లు, జబ్బులు

మూడేళ్ల పెట్ట పెద్ద గుడ్లు పెడుతోంది కానీ చేత్తో పట్టుకుంటేనే పగులుతున్నాయి.

వయసుతో గుడ్డు పెద్దదవుతుంది, పెంకుకు దొరికే కాల్షియం మాత్రం పెరగదు. అదే సరుకు ఎక్కువ మేర పరుచుకోవడంతో పల్చనవుతుంది. గ్రిట్ పెడితే కొంత మేలు. పూర్తిగా పడుచు కోడి గుడ్డులా చేయడం కుదరదు. మంచి పొదుగు పెట్ట అయితే దాన్ని పిల్లలు లేపడానికి ఉంచుకోండి.

ఏది మేత లోపమో, ఏది జబ్బో ఎలా తెలుస్తుంది?

ఒక్క కోడి గుడ్డులో తేడా ఉంటే ఆ కోడి సంగతి. అన్ని కోళ్ల గుడ్లూ రెండు మూడు రోజుల్లో మారి, సంఖ్య కూడా పడిపోతే జబ్బు అనుమానించాలి. ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పడం ఉంటే కొక్కెర తెగులు. ముడతల పెంకు, తుమ్ములు ఉంటే బ్రాంకైటిస్. కోళ్లు చలాకీగానే ఉండి, పెంకు రంగు పోయి తోలుగుడ్లు కురిస్తే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ కావొచ్చు. అది సహజంగా బాతుల్లో ఉంటుంది కనుక బాతులూ కోళ్లూ ఒకే గుంట నీళ్లు తాగే ఇళ్లలో జాగ్రత్త అవసరం. వీటికి చికిత్స లేదు, టీకాలే దారి.

కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోతుంటే గుడ్ల సంగతి పక్కన పెట్టి పశువైద్యశాలకు, లేదా 1962 నంబరుకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. చచ్చిన కోడిని కాలవలో పారేస్తే పక్క ఊరికి పంపినట్టే.

గుడ్డుకు బదులు ఉడికిన సొన ముద్దలాంటిది పడింది.

గుడ్డు గొట్టంలో చీము చేరి గట్టిపడి బయటికొచ్చింది. ఆ కోడి ముడుచుకు కూర్చుని, పొట్ట ఉబ్బి ఉంటే డాక్టరుకు చూపించండి. తేరుకోవడం కష్టమే.

కోడికి మందు వేశాం. గుడ్లు ఎప్పటినుంచి తినొచ్చు?

సీసా మీద రాసిన గడువు దాటాకే. పచ్చసొన రోజుల తరబడి ఎదుగుతుంది కాబట్టి మందు ఆపిన మర్నాడు గుడ్డు శుభ్రం కాదు. కొన్ని మందులు గుడ్లు పెట్టే కోళ్లకు అసలు వాడకూడదని రాసి ఉంటుంది. మెడికల్ షాపులో మనుషుల టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కొని నీళ్లలో కలిపే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఆ గుడ్డు తినే పిల్లవాడికీ ఆ మందు చేరుతుందని గుర్తుంచుకోండి.

## ఇంట్లోకి తెచ్చాక

గుడ్లు కడిగి దాచాలా?

వద్దు. పెట్టేటప్పుడే పెంకు మీద సన్నటి పూత ఉంటుంది, అది రంధ్రాలను మూసి క్రిములను ఆపుతుంది. కడిగితే పోతుంది. చన్నీళ్లతో కడిగితే లోపలి సరుకు ముడుచుకుని మురికిని లోపలికి లాగుతుంది కూడా. రెట్ట అంటితే పొడి గుడ్డతో తుడవండి. మరీ మురికివి ఆ పూటే గోరువెచ్చని నీళ్లతో కడిగి బాగా ఉడికించి వాడేయండి.

నీళ్లలో వేస్తే నిలువుగా నిలబడింది. పారేయాలా?

అక్కర్లేదు. గుడ్డు పాతబడే కొద్దీ తేమ ఆవిరై మొద్దు వైపు గాలి గది పెరుగుతుంది. అడ్డంగా పడుకుంటే కొత్తది, నిలబడితే పాతది, తేలితే వదిలేయడం మేలు. ఈ పరీక్ష వయసు చెబుతుంది, లోపల చెడిందో లేదో చెప్పదు. విడిగా గిన్నెలో కొట్టి వాసన చూడటమే నమ్మకం.

మా గుడ్లు ఉడికిస్తే పెంకుతో పాటు తెల్లసొన ఊడొస్తోంది. షాపు గుడ్లు చక్కగా ఒలుస్తాయి.

మీవి తాజావి కావడమే కారణం. కొత్త గుడ్డు తెల్లసొన లోపలి పొరకు అతుక్కుని ఉంటుంది, వారం ఆగితే వదులుతుంది. ఆగలేకపోతే మరిగే నీళ్లలో వేసి ఉడికించి, వెంటనే చన్నీళ్లలో ముంచి, మొద్దు వైపు నుంచి ఒలవండి. ఎక్కువసేపు ఉడికించినా సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది తప్ప ఒలుపు తేలికవదు.